మగ్గం దిగిన రోజే మజూరీ

కాకినాడ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని వెళ్తే ఉప్పాడ వస్తుంది. ఒకవైపు ఏటా ఊరిని కోసుకుపోతున్న సముద్రం, మరోవైపు నేతన్నల వీధులు. ఇక్కడి జాందానీ చీరకు పెళ్లి షాపింగుల్లో ఉన్న గిరాకీ చెప్పనక్కర్లేదు. పనితనాన్ని బట్టి లక్ష దాటేవీ ఉన్నాయి. ఆ ధరలో మగ్గం మీద కూర్చున్నవాళ్లకు ఎంత దక్కుతుంది? ఎప్పుడు దక్కుతుంది? చేనేతను నిలబెడతామంటూ వచ్చే ఏ ఫ్యాషన్ సంస్థనైనా మొదట అడగాల్సింది ఇదే.

ఈ నేతలో ఎంత ఓపిక ఉందో తెలిస్తే గానీ ఆ ప్రశ్న బరువు తెలియదు. డిజైన్‌ను ముందు గ్రాఫ్ కాగితం మీద గీస్తారు. దాన్ని బట్టి మగ్గానికి దారాలతో జాల కడతారు. ఏ వరుసలో ఏ పడుగు పోగులు పైకి లేవాలో ఆ జాలే నిర్ణయిస్తుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు చిన్న చిన్న కండెలతో, ఒక్కో బుటా దగ్గర ఒక్కో జరీ పోగును చేత్తోనే దూరుస్తారు. ఆపైన నాడె ఒకసారి అటు నుంచి ఇటు పోతుంది. మళ్లీ బుటాల పని. పువ్వు ఎక్కడ ముగిస్తే పోగు అక్కడే ఆగుతుంది కాబట్టి, చీర వెనక్కి తిప్పి చూసినా దారాలు వేలాడవు. చిన్న బుటాల చీరకే రోజులు పడతాయి. ఒళ్లంతా పనితనం ఉంటే నెల దాటిపోతుంది. అన్నాళ్లూ ఇద్దరి ఇళ్లు గడవాలి.

ఒకప్పుడు ఈ నేతను పిఠాపురం, వెంకటగిరి, బొబ్బిలి సంస్థానాలు పోషించాయి. అవి పోయాక నూలు జాందానీ చిక్కిపోయింది. 1980ల చివర్లో హైదరాబాద్ డిజైనర్ ఘనశ్యామ్ సరోదే ఇక్కడికొచ్చి ఆర్డర్లిచ్చారు, కొత్త డిజైన్లు నేయించారు. క్రమంగా నూలు చోటు పట్టుకు దక్కింది, ఉప్పాడ పేరు పట్టణాల షోరూముల దాకా పాకింది. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరోదే తర్వాతి తరంలో డిజైనర్ గౌరంగ్ షా జాందానీని ర్యాంపుల మీదకు తీసుకెళ్లారు. ‘మహానటి’ సినిమా దుస్తులకు వచ్చిన జాతీయ పురస్కారంలో ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో పాటు ఆయనకూ భాగం ఉంది. వీళ్ల కృషి చిన్నది కాదు. పని తెలిసిన చేతులకు పని దొరకడం కంటే ముందు జరగాల్సింది ఏమీ లేదు.

అయితే గుర్తింపు పత్రం ఒక్కటే చీరను కాపాడలేదు. పవర్‌లూమ్ మీద గంటల్లో నేసిన బట్టను ‘ఉప్పాడ పట్టు’ అని అమ్మేస్తుంటే, అసలు చీర ధర విన్న కొనుగోలుదారు మోసమేమో అనుకుంటున్నాడు. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం చేసుకున్నాం, చీర కూడా ఆ జాబితాలో ఉంది. అమలు మాత్రం నేతన్న ఒక్కడూ తేల్చుకోగలిగిన వ్యవహారం కాదు. పేరున్న బ్రాండ్లు, డిజైనర్లు ఈ పోరులోకి దిగాలి. ఉప్పాడ పేరుతో వ్యాపారం చేసుకునేవాళ్లకు ఆ బాధ్యత ఉంది.

ఇంకా లోతైన సమస్య నష్టం ఎవరి మీద పడుతుందన్నది. ఇక్కడ చాలామందికి మాస్టర్ వీవరే పట్టు, జరీ ఇస్తాడు, చీర తీసుకుని మజూరీ కడతాడు. సూరత్ జరీ ధర పెరిగినా, షాపులో సరుకు కదలకపోయినా, ఆ దెబ్బ చివరికి మజూరీ మీదే పడుతుంది. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగితే మగ్గమూ ఆగుతుంది. 2019-20 జాతీయ చేనేత గణన ప్రకారం, దేశంలోని నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతుల వాటి నెల ఆదాయం 5 వేల రూపాయల లోపే. పిల్లలు కాకినాడలో వేరే ఉద్యోగం వెతుక్కుంటే తప్పెలా పట్టగలం?

ఈ లెక్క మార్చే ప్రయత్నాలు మన నేల మీదే ఉన్నాయి. 1989లో మొదలైన దస్త్‌కార్ ఆంధ్ర నేత సహకార సంఘాల పక్కన నిలబడి రంగులు, డిజైన్లు, మార్కెట్ అందించింది. ఆ సంస్థను ప్రారంభించిన ఉజ్రమ్మే తర్వాత ‘మల్ఖా’తో పత్తిని బేళ్లుగా నొక్కకుండా, పొలాలకు దగ్గర్లోనే నూలు తీసే దారి చూపించారు. నూలు ఎవరి చేతిలో ఉంటే బేరం వారి చేతిలోనే అన్న సంగతి ఆమె ముందే పట్టుకున్నారు. ఉప్పాడది పట్టు వ్యవహారం కాబట్టి అదే పద్ధతి అచ్చంగా సరిపోదు. ముడిసరుకును సంఘమే కలిసి కొని, ధరల పోటు తాను మోసే ఏర్పాటు మాత్రం ఇక్కడా సాధ్యమే.

కాకినాడలో చేనేత ఫ్యాషన్ సంస్థ పెట్టాలనుకునే యువతకు నా విన్నపం ఒకటి. వెబ్‌సైట్ కంటే ముందు మూలధనం చూసుకోండి. చీర మగ్గం దిగిన రోజే మజూరీ చెల్లించాలి. అమ్ముడుపోని చీర మీ బీరువాలో ఉండాలి, నేతన్న ఇంట్లో కాదు. మూఢం నెలల్లోనూ ఆర్డర్లు నడవాలి. కండెలు చుట్టి, ఆసు పోసే ఇంటి ఆడవాళ్ల పనిని భర్త మజూరీలో కలిపేయకుండా విడిగా లెక్కగట్టాలి. దేశంలో చేనేత పనివారిలో 70 శాతానికి పైగా మహిళలే కాబట్టి, చెల్లింపు ఖాతాల్లో వాళ్ల బ్యాంకు నంబర్లు కూడా ఉండాలి.