మిరప పూవులో మిల్లీమీటరు పురుగు: సెన్సార్ పరిమాణం, స్పష్టతా లోతు

ఖమ్మం మిర్చి సాగు భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం మండలాలలో గోదావరి వెంట అడవి అంచుల దాకా సాగుతుంది. 2021-22 పంటకాలంలో ఈ ప్రాంతపు తోటలను నల్ల తామర పురుగు (థ్రిప్స్ పార్విస్పైనస్) తీవ్రంగా దెబ్బతీసింది. మన దేశంలో 2015లో బెంగళూరు వద్ద బొప్పాయిపై తొలిసారి నమోదైన ఈ పురుగు, ఆకులకు పై ముడత తెచ్చే పాత తామర పురుగు వలె గాక, ప్రధానంగా పూతను ఆశిస్తుంది. రెండూ మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండేవే. రైతు పంపిన ఫోటోలో పురుగు ముదురు రంగుదా, లేత పసుపుదా అన్నది తేలకపోతే మందు సిఫారసు గాలిలో దీపమే.

మొబైల్‌లోని చిన్న సెన్సార్‌కు స్పష్టతా లోతు, అనగా డెప్త్ ఆఫ్ ఫీల్డ్, ఎక్కువని విద్యార్థులలో గట్టి నమ్మకం. ఇది సగమే నిజం. 36 మి.మీ. వెడల్పు దృశ్యాన్ని ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌పై 1:1 పరిమాణంలో, ఎఫ్/8 వద్ద తీస్తే లోతు సుమారు 0.96 మి.మీ. అదే దృశ్యాన్ని 24 మి.మీ. సెన్సార్‌పై తీయుటకు 0.67 రెట్ల పరిమాణం చాలును, లోతు 1.2 మి.మీ. అవుతుంది. అయితే ఆ చిన్న సెన్సార్‌పైనా 1:1 లోనే తీస్తే దృశ్యం కుంచించుకుపోతుంది, చిత్రాన్ని ఎక్కువగా పెద్దది చేసి చూడవలసి వస్తుంది; లోతు 0.64కు పడిపోతుంది. అంటే పోలిక ఏ షరతుపై చేస్తున్నామో చెప్పనిదే ‘చిన్న సెన్సార్’ అన్న మాటకు అర్థం లేదు.

ఇక మొబైల్ సంగతి. సెన్సార్ 6 మి.మీ. వెడల్పే అయినా కటకద్వారం సాధారణంగా ఎఫ్/2 దరిదాపుల్లో స్థిరంగా ఉంటుంది. అతికించే మాక్రో కటకంతో అదే 36 మి.మీ. దృశ్యం తీస్తే లోతు ముప్పాతిక మిల్లీమీటరు మాత్రమే. చిన్నతనం వల్ల వచ్చిన లాభాన్ని తెరచిన ద్వారం మింగివేసింది.

పెద్ద కెమెరాలో ద్వారాన్ని మూసి లోతు పెంచవచ్చును గాని, 1:1 వద్ద ఎఫ్/16 అన్నది ఆచరణలో ఎఫ్/32 అవుతుంది. వివర్తనం వలన పురుగు రెక్క అంచులే మసకబారతాయి. ఒకే దృశ్యానికి ఒకే లోతు సాధిస్తే ఈ మసక ఏ సెన్సార్‌కైనా దాదాపు సమానమే. పురుగు కోసం మూడు రెట్లకు వెళితే ఎఫ్/8 వద్ద లోతు 0.21 మి.మీ. మాత్రమే. పూవులో పుప్పొడి తిత్తుల మధ్య దాగిన పురుగుకు ఇది ఏ మూలకూ చాలదు. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన చిత్రాలను కలిపే పద్ధతి ఉన్నది గాని, కదిలే పురుగుకూ గాలికి ఊగే కొమ్మకూ అది పనికిరాదు.

కనుక తోటలో సులువైన మార్గం లోతు అవసరాన్నే తగ్గించుకొనుట. పూవును తెల్లకాగితంపై తట్టితే పురుగులు ఒకే తలంలో పడతాయి. కెమెరాను కాగితానికి సమాంతరంగా పట్టి, పక్కన స్కేలు ఉంచి నీడపట్టున తీయవలెను. ఆ కాగితంపైనే కొన్ని పురుగులను ఆల్కహాలు సీసాలోకి దులిపి ప్రయోగశాలకు పంపవలెను. జాతి నిర్ధారణ స్లైడుపైనే సాధ్యం.