నెల పాసు లెక్క

పిల్లలూ, మనలో చాలామందికి రైలంటే ట్రాన్స్‌ఫర్. ఇంట్లో ఆర్డరు రాగానే సామాను అట్టపెట్టెల్లోకి వెళ్తుంది, మనం రైలెక్కుతాం. రెండు మూడేళ్ళకొకసారి చేసే ఆ ప్రయాణంలో టికెట్టు ధర ఓ వంద పెరిగినా ఇంట్లో పెద్ద చర్చ ఉండదు. బదిలీకి ప్రయాణ భత్యం కూడా వస్తుంది.

కానీ అదే రైలును రోజూ ఎక్కేవాళ్ళున్నారు. పొద్దున క్యారేజీ పట్టుకుని ఎక్కి, చీకటి పడ్డాక దిగేవాళ్ళు. మన వాడుకలో 'అప్ అండ్ డౌన్ చేసేవాళ్ళు'. వాళ్ళ చేతిలో ఉండేది సీజన్ టికెట్, అంటే రైలు పాసు. ఆ పాసు ధర పెరుగుతుందంటే వాళ్ళకు ఎందుకంత కోపం వస్తుంది? ఆ కోపంలో న్యాయమెంత? ఈ రెండు ప్రశ్నలకు ఈసారి లెక్కలు వేసి చూద్దాం.

పాసు అంటే ఏమిటి?

రెండు స్టేషన్ల మధ్య ఒక నెలలో ఎన్నిసార్లయినా తిరగడానికి ఇచ్చే టికెట్టే నెలవారీ సీజన్ టికెట్. సాధారణంగా 150 కిలోమీటర్ల దూరం వరకు ఇస్తారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు కాబట్టి ఆ దారిలో రోజూ తిరిగే ఉద్యోగికి కూడా పాసు దొరుకుతుంది. మూడు నెలల పాసు కావాలంటే నెల పాసు ధరకు 2.7 రెట్లు కట్టాలి. ముంబయి లాంటి చోట్ల ఆరు నెలలకు 5.4 రెట్లు, ఏడాదికి 10.8 రెట్లు.

మరి నెల పాసు ధర ఎలా కడతారు? సుమారు 15 ఒంటి ప్రయాణాల ధరను ఒక నెలకు తీసుకుంటారు. రానూపోనూ లెక్కేస్తే ఏడెనిమిది రోజుల ఖర్చుతో నెలంతా తిరగవచ్చు.

2014 జూన్‌లో ఏం జరిగింది?

ఆ రోజుల్లో మేము ముంబయి శివార్లలో, కల్యాణ్ వైపు ఉండేవాళ్ళం. అక్కడికి బదిలీ అయి ఏడాది కూడా కాలేదు. జూన్ 20, శుక్రవారం నాడు రైల్వే శాఖ ప్రయాణ ఛార్జీలను 14.2 శాతం, సరుకు రవాణా ఛార్జీలను 6.5 శాతం పెంచుతున్నట్టు ప్రకటించింది. అమలు జూన్ 25 నుంచి. దానితోపాటు ఇంకొక మాట కూడా ఉంది. ఇకమీదట నెల పాసుకు 15 కాదు, 30 ప్రయాణాల ధర తీసుకుంటారని. పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చింది 14.2 శాతం. జేబుకు నిజంగా తగిలేది రెండో మాట.

మా కింది వాటాలో కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చిన ఒక తెలుగు కుటుంబం ఉండేది. ఆయన భివండిలో మరమగ్గం మీద పని. భివండి మగ్గాల మీద తెలంగాణ పద్మశాలీల చేతులు ఎన్నో ఏళ్ళుగా ఆడుతున్నాయి. ఆమె దాదర్‌లో ఒక క్యాంటీన్‌లో వంటపని చేసేది. శనివారం పొద్దున మా తలుపు తట్టి అడిగింది.

"టీచరమ్మా, పాసు రెండింతలు దాటుతదంట. ఇయ్యాల్నే తీస్కుంటే పాత ధరకే ఇస్తరంట. మూడు నెల్లది తియ్యాల్నా, ఏడాదిది తియ్యాల్నా? జర లెక్క జెప్పు."

మేము కాగితం మీద లెక్క వేశాం. మీకు తేలిగ్గా అర్థం కావడానికి ఒంటి ప్రయాణం టికెట్టు 10 రూపాయలు అనుకుందాం. నెలకు 25 పనిదినాలు, రోజుకు రెండు ప్రయాణాలు, మొత్తం 50. విడి టికెట్లు కొంటే 500 రూపాయలు. పాత పద్ధతిలో పాసు 15 × 10 = 150 రూపాయలు. కొత్త పద్ధతిలో టికెట్టు 14.2 శాతం పెరిగి 11.42 అవుతుంది. దాన్ని 30తో గుణిస్తే సుమారు 343 రూపాయలు. పేరుకు 14.2 శాతమైన పెంపు పాసు దగ్గరికి వచ్చేసరికి 128 శాతం దాటింది.

ఇక ఆమె ప్రశ్న. ఈ లెక్కనే పాత ధరకు ఏడాది పాసు 1,620 రూపాయలు, కొత్త ధరకు సుమారు 3,700. కాబట్టి ఏడాది పాసు తీసుకోవడమే లాభం. లెక్క చెప్పాం కానీ అంత డబ్బు ఒక్కసారి తేవడం ఆమెకు ఎలా? ఇంట్లో ఉన్నది కూతురి పుస్తకాలకు, బూట్లకు దాచిన డబ్బు. బడి తెరిచిన వారమే అది. చివరికి అందులోంచి కొంత తీసి, మరికొంత చేబదులు పట్టి, మూడు నెలల పాసు తీసుకుంది. ఆమెతో పాటు మేమూ స్టేషన్‌కు వెళ్ళాం. పాసుల కౌంటరు ముందు వరస వంతెన మెట్ల దాకా ఉంది. ముందువైపు నిలబడినవారిలో చాలామంది ఏడాది పాసు గురించే మాట్లాడుకుంటున్నారు. చేతిలో డబ్బున్నవాళ్ళకు చవక పాసు దొరుకుతుంది, లేనివాళ్ళకు నెల నెలా ఖరీదైన పాసే గతి. లెక్కల పుస్తకంలో లేని ఈ సంగతి మేము ఆ వరసలో నేర్చుకున్నాం.

ముంబయిలో నిరసనలు వచ్చాయి. ప్రజాప్రతినిధులు రైల్వే మంత్రిని కలిశారు. జూన్ 24, మంగళవారం నాటికి నిర్ణయం మారింది. పాసుకు మునుపటిలాగే సుమారు 15 ప్రయాణాల ధరే ఉంటుందని, శివారు రైళ్ళలో 80 కిలోమీటర్ల వరకు రెండో తరగతి ఛార్జీ పెరగదని చెప్పారు.

ఆ సాయంత్రం ఆమె నవ్వలేదు, ఏడవలేదు. "నాలుగు దినాల్ల మార్చేదుంటే ముందుగాల్నే అడగొద్దా, టీచరమ్మా?" అంది. పాసు డబ్బు ఎక్కడికీ పోలేదు, మూడు నెలలూ పనికొస్తుంది. కానీ పాపకు బూట్లు కొనడం మాత్రం వెనక్కి వెళ్ళింది. ఆ పాప పాత చెప్పులతోనే ఆ వర్షాకాలం సగం గడిపింది.

కోపం ఎందుకు?

కొత్త ధరైనా 343 రూపాయలే కదా, విడి టికెట్ల 500 కన్నా తక్కువే కదా అని మీరు అడగవచ్చు. మా తరగతిలో ఒక అబ్బాయి అప్పుడు ఇదే అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు ఇంటి అద్దెలో ఉంది.

పని ఉన్నచోట అద్దెలు ఎక్కువ. కాబట్టి తక్కువ జీతమున్నవాళ్ళు దూరంగా ఇల్లు తీసుకుంటారు. అద్దెలో మిగిలినదాంట్లో కొంత పాసుకు, రోజుకు మూడు గంటలు రైలుకు ఇస్తారు. అంటే పాసు కూడా వాళ్ళ అద్దెలో ఒక భాగమే. పాసు పెరిగిందని ఇల్లు మారలేరు, పని మారలేరు, రైలు మానలేరు. వద్దనుకునే వీలు లేని ఖర్చు ఒక్కసారిగా పెరిగితే దాన్ని తిండిలోంచో చదువులోంచో తీయాలి. కోపం అక్కడ పుడుతుంది.

పైగా ధర పెరిగినా బండి పెరగదు. అదే రద్దీ, అదే ఆలస్యం, తలుపు దగ్గర అదే వేలాడటం. ఎక్కువ కట్టినందుకు ఒక్క పెట్టె అయినా అదనంగా వస్తే ఆ కోపం కొంత తగ్గేదేమో.

ధర పెరగకుండానే పెరిగిన రోజులు

పెంపు ఎప్పుడూ ప్రకటనగానే రాదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల రైళ్ళు ఆగిపోయాయి. తిరిగి నడిచినప్పుడు మొదట్లో అవి ప్రత్యేక రైళ్ళు. పాసులు చెల్లలేదు, తర్వాత క్రమంగా అనుమతించారు. పాసింజరు బండ్లు చాలాచోట్ల ఎక్స్‌ప్రెస్ ఛార్జీతో నడిచాయి. 10 రూపాయల కనీస టికెట్టు 30 రూపాయలైంది. బండి అదే, ఆగే స్టేషన్లూ దాదాపు అవే, పేరు మాత్రం మారింది. మళ్ళీ పాత సాధారణ ఛార్జీలు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. పక్క ఊరి నుంచి కూరగాయల గంపతో వచ్చే అవ్వకు ఆ నాలుగేళ్ళు ఎంత బరువో మీరే ఊహించండి.

రెండో వైపు

అయితే ఒక వైపే చూసి తీర్పు చెప్పకూడదు. 2016 నుంచి రైలు టికెట్ల మీద ఒక వాక్యం అచ్చువేశారు, మీలో కొందరు చదివే ఉంటారు. ప్రయాణానికయ్యే ఖర్చులో సగటున 57 శాతమే టికెట్ల ద్వారా వస్తోందని దాని సారాంశం. మిగతాది ఎక్కడి నుంచి? ఎక్కువగా బొగ్గు, సిమెంటు, ధాన్యం వంటి సరుకుల రవాణా మీద వచ్చే ఆదాయం నుంచి. అంటే పాసు చవకైనప్పుడు ఆ లోటు సరుకు మీద పడుతుంది, అక్కడి నుంచి కొంత మన కిరాణా బిల్లులోకీ వస్తుంది. పాత పట్టాలు మార్చాలన్నా, కొత్త పెట్టెలు చేర్చాలన్నా డబ్బు కావాలి. ధరలు ఎప్పటికీ పెరగకూడదు అనడం కూడా న్యాయం కాదు.

ప్రభుత్వాలకూ ఈ సంగతి తెలుసు. 2020 జనవరిలోనూ, 2025 జూలైలోనూ ఛార్జీలు పెంచినప్పుడు శివారు రైళ్ళనూ సీజన్ టికెట్లనూ మినహాయించారు. అంతకు ముందు 2009లో, నెలకు 1,500 రూపాయల లోపు సంపాదించే అసంఘటిత కార్మికులకు 100 కిలోమీటర్ల వరకు 25 రూపాయలకే ఒక పాసు తెచ్చారు. దాని పేరు 'ఇజ్జత్', అంటే గౌరవం. పేరు బాగా పెట్టారని మాకనిపిస్తుంది. టికెట్టు లేకుండా భయపడుతూ వెళ్ళే మనిషికీ, పాసు చూపించి వెళ్ళే మనిషికీ తేడా ఆ ఒక్క మాటలో ఉంది.

మరి ఏది న్యాయం? మాకు తోచింది ఇది. పెంచాల్సి వస్తే కొద్దికొద్దిగా పెంచాలి. నెలలు ముందుగా చెప్పాలి. పెంచిన డబ్బుతో ఏ సౌకర్యం వస్తుందో చూపాలి. లేనివాళ్ళకు రాయితీ ఉండాలి. అన్నిటికన్నా ముందు, రోజూ ఎక్కేవాళ్ళను ఒక మాట అడగాలి. మీకు వేరే మార్గం తోస్తే తరగతిలో వాదించండి, మేము వింటాం.

మీ కోసం ఒక మాట. విద్యార్థులకు పాసుల్లో రాయితీ ఉంది. పన్నెండో తరగతి వరకు చదివే అబ్బాయిలకు, డిగ్రీ వరకు చదివే అమ్మాయిలకు ఇంటికీ విద్యాసంస్థకూ మధ్య రెండో తరగతి నెల పాసు ఉచితంగా ఇచ్చే సదుపాయం కూడా ఉంది. బడి నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. మీకు అవసరం లేకపోవచ్చు, మీ పక్కింటి పాపకు ఉండవచ్చు. ఆమెకు చెప్పండి.

వచ్చే ట్రాన్స్‌ఫర్‌కు మళ్ళీ ఏదో కొత్త ఊళ్ళో దిగుతాం. స్టేషన్ బయటికి వచ్చే తొందరలో ఒక్క నిమిషం ఆగి పాసుల కౌంటరు వైపు చూడండి. మన బడి గేటు దగ్గర నిలబడే కాపలా అన్న, క్యాంటీన్‌లో అన్నం వండే అత్త, ఇంకా ఎందరో ఆ వరసలో ఉంటారు. వాళ్ళు ఏ ఊరి నుంచి వస్తారో, నెలకు పాసుకు ఎంతవుతుందో ఒకసారి అడగండి. ఆ లెక్క ఏ పరీక్షలోనూ రాదు. అయినా నేర్చుకోవాల్సిన లెక్కే.