మిరియాలు... చాలా, ఇంకొంచెమా?

పెద్ద హోటల్లో సూప్ వస్తుంది. దాని వెనకే మూరెడు పొడవున్న చెక్క మర పట్టుకుని సర్వరూ వస్తాడు. ‘మిరియాల పొడి వేయమంటారా సర్?’ అని అడుగుతాడు. ఏం చెప్పాలి? ఎప్పుడు ఆపమనాలి? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ దాని వెనక రోము నగరం నుంచి మన రోలు దాకా పెద్ద కథే ఉంది!

సిద్దిపేట నుంచి హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్లు. రాజీవ్ రహదారి ఎక్కితే రెండు గంటల ప్రయాణం. కొడుక్కి కొత్తగా ఉద్యోగం వచ్చింది. తొలి జీతం అందగానే అమ్మనీ బాపునీ నగరంలోని ఓ పెద్ద హోటల్‌కి తీసుకెళ్లాడు. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, పువ్వులా మడిచిన రుమాళ్లు, మెత్తటి వెలుతురు... ముందుగా సూప్ వచ్చింది. బాపు చెంచా చేతిలోకి తీసుకున్నాడో లేదో, పక్కన ఓ కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. చేతిలో నున్నగా చెక్కిన రోకలిలాంటిది.

‘ఫ్రెష్ పెప్పర్ సర్?’

పెద్దాయనకు అర్థం కాలేదు. కాదంటే బాగుండదేమోనని తలూపాడు. కిర్రు కిర్రుమంటూ మర తిరగడం మొదలైంది. పెద్దాయన చాలంటే ఆపుదామని కుర్రాడు చూస్తున్నాడు. ఎంత వేయాలో ఆ కుర్రాడికి తెలియదా, అతనే ఆపుతాడులే అని పెద్దాయన చూస్తున్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే! ఆ మర్యాదలోనే సూప్ మీద నల్లటి పొర కట్టేసింది. కొడుకు గమనించి ‘చాలు’ అనేసరికి ఆలస్యమైపోయింది.

‘ఎట్లుంది బాపూ?’

‘మంచిగనే ఉంది బిడ్డా...’ కళ్లనీళ్లు తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేశాడాయన.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. ఊరు మారొచ్చు, హోటల్ మారొచ్చు. మిరియాల మర మొదటిసారి ఎదురైన చోట చాలామందికి కలిగే ఇబ్బందే ఇది. మంట నాలుకకైతే నీళ్లు తాగితే పోతుంది. నలుగురిలో తెలియనివాణ్నయ్యానే అన్న మంట మాత్రం అంత తొందరగా చల్లారదు.

బంతిలో లేని మొహమాటం

విచిత్రమేంటంటే, అదే పెద్దాయన్ని ఊళ్లో పెళ్లి బంతిలో కూర్చోబెట్టి చూడండి. ఆయనంత తెలిసినవాడు ఇంకొకరుండరు. పప్పు వస్తుంది. వెనకాలే నెయ్యి గిన్నె వస్తుంది. వడ్డించేవాడు వంగగానే ఇస్తారి మీద చెయ్యి అడ్డం పెడతాడు. అరచెయ్యి పూర్తిగా అడ్డం పెడితే వద్దని. వేళ్లు కాస్త వంచి పెడితే ఒక్క చుక్కని. చెయ్యి పక్కకు తీస్తే నీ ఇష్టమని!

‘ఇంకింత ఏసుకో కాకా!’

‘సాలు తమ్మీ, సాలు.’

అంతే. మాటల్లేకుండానే సగం సంభాషణ అయిపోతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత ఊరికే పుట్టలేదు. మన పద్ధతిలో వడ్డించడమంటే పదార్థం విస్తట్లో వేయడం ఒక్కటే కాదు. తినేవాడి ముఖం చూడటం, చెయ్యి చూడటం, వద్దన్నా ఒకసారి బతిమాలడం, రెండోసారి వదిలేయడం... అన్నీ కలిస్తేనే వడ్డన.

ఆ మాటకొస్తే పెద్ద హోటల్లో మిరియాల మర చేసేదీ ఇదే పని. వంట వంటింట్లో పూర్తయినా ఆఖరి రుచి తినేవాడి ఇష్టానికి వదిలేయడం. నెయ్యి గిన్నె స్థానంలో చెక్క మర వచ్చింది, అంతే తేడా. కాకపోతే బంతిలో చెయ్యి అడ్డం పెట్టొచ్చని అందరికీ తెలుసు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల దగ్గర మాత్రం అలా పెట్టొచ్చో లేదో ఎవరూ చెప్పరు.

బండి మీదా ఇదే ప్రశ్న

అసలు ఈ మర్యాద సిద్దిపేటలాంటి ఊళ్లకు కొత్తదేం కాదు. వానాకాలం రోడ్డు పక్కన బొగ్గుల మీద మక్క కంకి కాల్చి ఇచ్చే అవ్వ కూడా ‘ఉప్పు, కారం రాయాల్నా బిడ్డా?’ అని అడిగాకే నిమ్మచెక్క అందుకుంటుంది. సాయంత్రం ఆమ్లెట్ బండి దగ్గరా అంతే. పెనం మీద గుడ్డు పొంగుతుండగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఉల్లిగడ్డ ఎక్కువనా? పచ్చిమిర్చి ఎయ్యాల్నా? మిరియాల పొడి సల్లాల్నా? మూతకు చిల్లులు పొడిచిన డబ్బా చేతిలో పట్టుకుని జవాబు కోసం ఆగుతాడు బండి అతను. చిన్నపిల్లాడి ప్లేటైతే అడక్కుండానే డబ్బా పక్కన పెట్టేస్తాడు. ఏ హోటల్ మేనేజ్‌మెంట్ కళాశాలా నేర్పని మర్యాద అది.

మధ్యలో ఉన్నవి ఫ్యామిలీ రెస్టారెంట్లు. అక్కడ అడగడాలు లేవు. బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, సాస్ సీసాలు, వెనిగర్‌లో నానిన పచ్చిమిర్చి ముక్కలు. ఎవరికి కావలసింది వాళ్లే వేసుకోవాలి. వానాకాలమొస్తే డబ్బా చిల్లులు మూసుకుపోతాయి. టూత్‌పిక్‌తో పొడిచి, బల్లకేసి రెండుసార్లు కొట్టి దులిపితే... రానంతసేపూ రాదు, వచ్చిందంటే మొత్తం సూప్‌లోనే! వన్ బై టూ సూప్ చెప్పుకున్నప్పుడు పంచాయితీ ఇంకోటి. ఒకరు మిరియాలు దట్టంగా కావాలంటారు, ఇంకొకరు అసలొద్దంటారు. రెండు గిన్నెల్లో పోశాకే పొడి చల్లుకోవాలన్న తీర్పు అక్కడ అనుభవం మీద వచ్చిందే.

మర ఎందుకంటే...

డబ్బాలో పొడి ఉండగా ఈ మర ఆర్భాటం దేనికి? కారణం ఉంది. మిరియంలో రెండు గుణాలుంటాయి. ఒకటి ఘాటు. అది పైపరిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. రెండోది వాసన. అది గింజలోని నూనెల వల్ల వస్తుంది. గింజ గింజలా ఉన్నంతకాలం ఆ నూనెలు లోపల భద్రంగా ఉంటాయి. నలిగిన క్షణం నుంచీ గాల్లో కలిసిపోవడం మొదలవుతుంది. అందుకే నెలల తరబడి డబ్బాలో ఉన్న పొడి నాలుకను మండిస్తుందే తప్ప ముక్కును పలకరించదు. అప్పుడే నూరిన పొడిలో రెండూ ఉంటాయి.

ఈ సంగతి మన ఇళ్లలో ఎప్పట్నుంచో తెలుసు. మిరియాల చారుకు పొడి ముందురోజు కొట్టి పెట్టరు. పొయ్యి మీద చింతపండు పులుసు మరుగుతుండగా రోట్లో మిరియాలూ జీలకర్రా వేసి కచ్చాపచ్చాగా దంచుతారు. జలుబు చేసినవాళ్లకి పాలల్లో వేయాలన్నా అప్పటికప్పుడు నాలుగు గింజలు నలగ్గొట్టాల్సిందే. తెల్ల గుడ్డ బల్ల దగ్గర తిరిగే మర, మన వంటింటి రోలుకు పట్నంలో పెరిగిన చుట్టం!

మిరపకాయ కంటే ముందు

మిరియాన్ని నల్ల బంగారం అనేవారు. పశ్చిమ కనుమల్లో పుట్టిన ఈ తీగ గింజ కోసం ప్రపంచమే తిరిగింది. క్రీ.శ. 408లో రోమును ముట్టడించిన విసిగోతుల రాజు అలారిక్, నగరాన్ని వదిలిపెట్టాలంటే బంగారం, వెండితో పాటు 3,000 పౌన్ల మిరియాలు కావాలన్నాడు. 1498లో వాస్కో డ గామా కాలికట్ తీరానికి రావడం వెనకా ఈ ఘాటు ఉంది.

పోర్చుగీసువాళ్ల రాకతో అమెరికా ఖండం నుంచి మిరపకాయ మనకు చేరింది. అంతకుముందు తెలుగువాళ్ల వంటలో ఘాటంటే ప్రధానంగా మిరియమే. మిరియం అన్న మాట నుంచే మిరప అన్న పేరు వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. తర్వాత ఆ కొత్త చుట్టమే ఇంటి యజమాని అయిపోయింది. మిరియం చారుకీ, ధనుర్మాసం కట్టెపొంగలికీ, తిరుమల వడకీ, జలుబు కషాయానికీ పరిమితమైంది. అయినా మన నేలను వదిలిపోలేదు. పాడేరు ఏజెన్సీలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను అల్లుకుని మిరియాల తీగలు ఇప్పటికీ పాకుతున్నాయి.

ఇక మర సంగతి. ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో పేరు వినగానే కార్లు గుర్తొస్తాయి. కానీ ఆ కంపెనీ కార్లకంటే ముందే కాఫీ గింజల మరలు తయారుచేసింది. 1874లో మిరియాల మరనూ తెచ్చింది. బల్ల మీద పెట్టుకునేంత చిన్న వస్తువు హోటళ్లలో మూరెడు పొడవెందుకైంది? చిన్నవి పెడితే అతిథుల జేబుల్లోకి వెళ్లిపోతున్నాయని పెద్దవి చేయించి సర్వర్ చేతికిచ్చారని ఓ కథ ప్రచారంలో ఉంది. నిజమెంతైనా, బల్లకొకటి కొనడం కంటే హాలుకొకటి ఉండటం యజమానికి చవకే కదా!

కళ్లముందు నలిగితే...

ఇందులో ఇంకో లాభమూ ఉంది. నమ్మకం. మిరియాల్లో ఎండిన బొప్పాయి గింజలు కలపడం పాత మోసమే. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. దగ్గరగా చూస్తే బొప్పాయి గింజ కాస్త కోలగా, ముడతలు పడి, గోధుమ రంగు కలిసిన నలుపులో కనిపిస్తుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఓ తేలికైన పరీక్ష చెబుతోంది. గ్లాసు నీళ్లలో గింజలు వేయాలి. మంచి మిరియాలు అడుగుకు చేరతాయి, బొప్పాయి గింజలు తేలతాయి. గింజగా ఉంటేనే ఈ పరీక్ష. పొడైపోయాక ఎవరు పోల్చుకోగలరు? గాజు మరలో గింజ కనిపిస్తూ, కంచం మీదే నలిగితే తినేవాడికి అదో భరోసా.

ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లకూ ఈ మర నేస్తమే. పెద్దవాళ్లు రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఉప్పు తగ్గిన చప్పదనాన్ని తాజా మిరియాల వాసన కొంత కప్పిపుచ్చుతుంది. కడుపులో మంట ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అడగకుండా చల్లకూడదనేది అందుకే.

అడిగే పద్ధతి... చెప్పే పద్ధతి

వడ్డించేవాళ్లకు:

* పదార్థం బల్ల మీద పెట్టగానే మర ఎత్తకూడదు. ముందు ఒక చెంచా రుచి చూడనివ్వాలి. రుచే చూడకుండా మిరియాలు కావాలో వద్దో ఎవరు చెప్పగలరు?

* ‘చాలు అనండి సర్, ఆపేస్తాను’ అని ముందే చెప్పాలి. ఈ ఒక్క మాటతో అతిథి ఇబ్బంది సగం పోతుంది.

* ఒకటి రెండు తిప్పులు తిప్పి ఆగాలి. తక్కువైతే మళ్లీ వేయొచ్చు. ఎక్కువైతే తీయలేం.

* సూప్, సలాడ్, గుడ్డు, పాస్తా, కాల్చిన మాంసం... వీటికి అడగొచ్చు. మసాలా దట్టించిన బిర్యానీ దగ్గరికి మర తీసుకెళ్లక్కర్లేదు.

* నలుగురు పంచుకుని తినే పళ్లెమైతే నలుగుర్నీ అడగాలి. పిల్లలుంటే మరీనూ.

* మాటల్లో ఉన్నవాళ్ల మధ్యకు మర చాచకూడదు. వద్దంటే మళ్లీ అడగకూడదు.

తినేవాళ్లకు:

* ‘రుచి చూసి చెబుతాను’ అనడం తప్పు కాదు. అదే సరైన జవాబు.

* ‘నేనే వేసుకుంటాను, ఇలా ఇవ్వండి’ అనీ అడగొచ్చు.

* చాలనుకున్నప్పుడు మాటతో చెప్పినా, చేత్తో చూపినా ఒకటే. థ్యాంక్స్ చెబితే ఇంకా బాగుంటుంది.

* ఇదేంటని అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు... ఆపమనందే సర్వరైనా ఆపడు!

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా కేంద్రమైంది. 2023 అక్టోబరు 3న రైలూ వచ్చింది. కోమటి చెరువు కట్ట మీద సాయంత్రాలు కుటుంబాలతో కళకళలాడుతున్నాయి. పుట్టినరోజైనా, పెళ్లిరోజైనా బయట తినడం మామూలైంది. ఇవాళ సూపర్‌మార్కెట్లలో మూతకే మర బిగించిన మిరియాల సీసాలు దొరుకుతున్నాయి. పెద్ద హోటళ్ల మర రేపు ఇక్కడి బల్లల దగ్గరికీ వస్తుంది. రానివ్వండి. దాంతోపాటు ఆమ్లెట్ బండి దగ్గరున్న ఆ ఒక్క గుణమూ వస్తే చాలు... తినేవాడి ముఖం చూడటం.

అన్నట్టు, మళ్లీ ఎప్పుడైనా ఆ కొడుకు బాపుని పెద్ద హోటల్‌కి తీసుకెళితే ఆయనకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. బంతిలో నెయ్యి గిన్నె ముందు పెట్టే చెయ్యే సూప్ గిన్నె మీదా పెడితే సరి. ఏ హోటల్లో ఏ సర్వరైనా అర్థం చేసుకోవాల్సిన భాషే అది.

‘సాలు బిడ్డా... సాలు!’