ఉతికిన బట్టకు అంటిన నూగు

వాషింగ్ మెషీన్‌లోంచి తీసిన నల్ల ప్యాంటు మీదా, ముదురు నీలం చుడీదారు మీదా, పిల్లల స్కూలు యూనిఫాం మీదా తెల్లటి నూగు కనిపించినప్పుడు చాలా ఇళ్ళలో నింద ముందుగా మెషీన్ మీదికీ, ఆ తరువాత సబ్బుపొడి మీదికీ పోతుంది. అయితే ఆ నూగు మెషీన్‌లో పుట్టేది కాదు. నేతలో మొదటినుంచీ సరిగా పట్టు దొరకని పొట్టి పోగులు ఉతుకులో ఊడి, నీటిలో తేలుతూ, బయటికి పోయే దారి దొరకక మరో బట్టను పట్టుకుంటాయి. బట్ట వాడకంలో ఉన్నంతకాలం పోగులు ఎంతోకొంత ఊడుతూనే ఉంటాయి గనుక, ఊడిన పోగులను నీటితోపాటు సాగనంపడం ఎలాగన్నదే ఈ సమస్యలో తేల్చుకోవలసిన విషయం. బజారులో దొరికే ద్రవాలూ, బంతులూ, వల సంచులూ ఎంతవరకు పనికివస్తాయన్నది కూడా ఆ ఒక్క కొలతతోనే నిర్ణయించవచ్చు.

దూది అంటే పత్తిగింజ మీద మొలిచే సన్నని వెంట్రుకల సముదాయం. రకాన్ని బట్టి ఒక్కో పోగు సుమారు 20 నుంచి 35 మిల్లీమీటర్ల పొడవుంటుంది; మందం మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంత పొట్టి పోగులను ఏకి, ఏకులు చేసి, మెలిపెట్టి వడికితే నూలు తయారవుతుంది. నూలులో పోగులను కలిపి ఉంచే జిగురేమీ ఉండదు. మెలిక వల్ల ఒకదానిని ఒకటి ఒరుసుకునే పట్టు ఒక్కటే వాటికి ఆధారం. పొడుగు పోగుకు ఈ పట్టు ఎన్నో చోట్ల దొరుకుతుంది, పొట్టి పోగుకు ఒకటి రెండు చోట్లే దొరుకుతుంది. అందుకే పొట్టి పోగుల కొసలు నూలు మీద నిక్కి నిలబడి, నానినప్పుడు, నలిగినప్పుడు ముందుగా ఊడివస్తాయి. మంచి మిల్లులలో వడకడానికి ముందే దూదిని సన్నని ఉక్కు దువ్వెనలతో దువ్వి పొట్టి పోగులను వేరుచేస్తారు. చొక్కాల చీటీల మీద ‘కోంబ్డ్ కాటన్’ అని రాసి ఉండేది ఈ పని జరిగిందని చెప్పడానికే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖాదీ వడికే స్త్రీలు కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో, ఆ దవడకున్న సన్నని పళ్ళతో దువ్వి శుభ్రం చేసి, పోగులను ఒకే వరుసకు తెచ్చే పద్ధతి కూడా ఇదే కోవకు చెందుతుంది. మిల్లులో ఉక్కు దువ్వెన చేసే పనిని అక్కడ ఒక చేప దవడ చేస్తుంది. నేత పూర్తయ్యాక గుడ్డను సన్నని మంట మీదుగా వేగంగా నడిపి, పైకి నిక్కిన కొసలను కాల్చివేయడం మిల్లులు చేసే మరో పని. చవకగా అమ్మే బట్టలలో ఈ రెండు పనులలో ఒకటో, రెండూనో మానేసి ఉంటారు గనుక, కొనేటప్పుడు ఆదా అయిన డబ్బుకు బదులు ఉతికేటప్పుడు నూగు లభిస్తుంది.

అన్ని బట్టలూ ఒకే తీరున నూగు రాల్చవు. టర్కీ టవల్ నీటిని బాగా పీల్చుకోవడానికి దాని మీద వేలకొద్దీ చిన్న చిన్న ఉచ్చులను, అంతగా మెలిపెట్టని మెత్తని నూలుతో నిలబెడతారు. ఆ మెత్తదనమే పోగులు ఊడడానికి కారణమవుతుంది గనుక, ఇంట్లోని బట్టలన్నింటిలోకీ ఎక్కువ నూగు రాల్చేది కొత్త టర్కీ టవలే. అల్లిక బనీన్లు, మందపాటి దుప్పట్లు, చలికాలపు ఫ్లానెల్ బట్టలు దాని తరువాతి వరుసలో ఉంటాయి. అందుకునే బట్టలు వేరు. వెల్వెట్, కార్డురాయ్ వంటివి తమ గరుకుదనంతో నూగును పట్టి ఉంచితే, పాలియెస్టర్ బట్టలు విద్యుదావేశంతో లాగుకుంటాయి. సాధారణ వాతావరణంలో పత్తి తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమను నిలుపుకుంటుంది; పాలియెస్టర్ నిలుపుకునేది అర శాతం కూడా ఉండదు. తేమ లేని చోట రాపిడివల్ల పుట్టిన ఆవేశం జారిపోయే దారి ఉండదు గనుక, ఆరిన పాలియెస్టర్ చీర గాలిలోని నూగును సైతం దగ్గరకు తీసుకుంటుంది.

బట్ట మీద ఉండలు కట్టడం ఇంకో సంగతి. పైకి వచ్చిన పోగుల కొసలు రాపిడికి ఒకదానితో ఒకటి చుట్టుకుని ఉండలవుతాయి. శుద్ధమైన నూలు బట్టలో ఆ ఉండను పట్టి ఉంచే పోగు బలహీనమైనది గనుక కొన్నాళ్ళకు అది తెగి రాలిపోతుంది, పాలియెస్టర్ కలిసిన బట్టలో మాత్రం గట్టి పాలియెస్టర్ పోగు దానిని తెగనివ్వక పట్టుకునే ఉంటుంది. స్కూలు యూనిఫాంలు ఏడాది తిరగకముందే ఉండలు పట్టి పాతబడినట్టు కనిపించడానికి కారణం ఇదే. ఈ ఉండలను ఎన్నిసార్లు ఉతికినా ప్రయోజనం ఉండదు. బ్యాటరీతో నడిచే చిన్న మరతో కత్తిరించవలసిందే.

ఇక యంత్రం పాత్ర. బండ మీద ఉతికి, బకెట్టులోనో, కాలువలోనో జాడించేటప్పుడు బట్ట నీటిలోంచి పైకి లేస్తుంది, నూగు నీటిలోనే ఉండిపోతుంది. రెండుమూడుసార్లు నీళ్ళు మార్చి జాడిస్తే ఊడిన పోగులో చాలా భాగం నీటితో వెళ్ళిపోతుంది. మెషీన్‌లో జరిగేది దీనికి తలకిందులు. అక్కడ బట్టలు టబ్బులోనే ఉంటాయి, నీరు వాటి మధ్యనుంచి కిందికి దిగి మురుగు గొట్టంలోకి పోతుంది. అంటే నూగు కలిసిన నీటిని వడగట్టే వడగుడ్డగా ఉతికిన బట్టలే మారతాయి. తరువాత వేగంగా తిప్పి పిండినప్పుడు, వడగట్టిన ఆ నూగు నేతలోకి ఇంకాస్త అదుముకుంటుంది. ఈ ఒక్క విషయం గ్రహిస్తే సెమీ ఆటోమేటిక్ మెషీన్ వాడేవారికి ఒక సులువైన ఉపాయం వెంటనే తోస్తుంది: జాడించడం పూర్తికాగానే నీళ్ళు వదిలేయకుండా, ముందు బట్టలను చేత్తో పైకి తీసి పిండే టబ్బులో వేసుకుని, ఆ తరువాతే మురుగు మీట తిప్పితే నూగులో ఎక్కువ భాగం నీటితోనే పోతుంది. ఖర్చు లేని ఈ పద్ధతి ముందు ఖరీదైన ద్రవాలు ఏవీ నిలవవు.

పైనుంచి బట్టలు వేసే టాప్‌లోడ్ మెషీన్లలో నూగును పట్టడానికి టబ్బు గోడకు ఒక చిన్న వల సంచినో, ప్లాస్టిక్ జాలీ పెట్టెనో అమరుస్తారు. అడుగున ఉండే పల్సేటర్, అంటే నీటిని సుడి తిప్పే పళ్ళెం, తిరిగేటప్పుడు టబ్బు గోడలోని సన్నని దారి గుండా నీరు పైకెక్కి ఈ జాలీలోంచి తిరిగి టబ్బులోకి పడుతుంది. నీటిమట్టం మరీ తక్కువగా పెట్టినా, టబ్బు నిండా బట్టలు కూరినా ఈ ప్రవాహం సరిగా సాగదు, సంచి ఖాళీగానే మిగులుతుంది. నెలల తరబడి శుభ్రం చేయని సంచిలో నూగు తడిసి గట్టిపడి, పట్టిన పోగును మళ్ళీ నీటిలోకి వదులుతుంది కూడా. చిరిగిన సంచి ఉన్నా లేనట్టే. విడిభాగాల దుకాణంలో తక్కువ ధరకు దొరికే దానిని మార్చుకోవడం మేలు. పువ్వు ఆకారంలో తేలుతూ నూగు పట్టుకునే వల సంచులు కూడా నీరు లోతుగా నిలిచే ఇలాంటి మెషీన్లకే పనికివస్తాయి.

ముందునుంచి తలుపు తెరిచే ఫ్రంట్‌లోడ్ మెషీన్ల తీరు వేరు. బట్టలను పైకెత్తి పడవేస్తూ, తక్కువ నీటితోనే అవి మురికి వదలగొడతాయి. నీటి పొదుపు దృష్ట్యా అది గుణమే గాని, నూగును మోసుకుపోయే నీరు తగ్గడం దాని మరో ముఖం. వీటిలో సాధారణంగా నూగు సంచి ఉండదు. కింది మూలన చిన్న తలుపు వెనుక ఉండే ఫిల్టర్ నీళ్ళు తోడే పంపును నాణేలు, బొత్తాలు, పిన్నీసుల నుంచి కాపాడడానికి పెట్టినది. అక్కడ చేరే నూగు వల్ల నీరు పోవడం మందగిస్తుంది గనుక, కింద పళ్ళెం పెట్టి, మిగిలిన నీటిని వంపి, నెలకోసారి దానిని విప్పి కడగడం అవసరం. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ మడతలోకి వేలు పోనిచ్చి చూస్తే బూడిదరంగు తడి నూగు, ఒకటి రెండు వెంట్రుకలు, ఒక్కోసారి చిన్నపిల్లల సాక్సు కూడా బయటపడతాయి. ఉతుకు ముగిసిన ప్రతిసారీ ఆ మడతను పొడిగుడ్డతో తుడిస్తే నూగుతోపాటు బూజు వాసన కూడా తప్పుతుంది.

నూగులా కనిపించే తెల్లదనమంతా నూగు కాదు. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో, పప్పు ఉడకని, సబ్బు నురగ రాని ఉప్పునీళ్ళతో ఉతికినప్పుడు, సబ్బుపొడిలోని చాకలి సోడాతో ఆ లవణాలు కలిసి సుద్దవంటి తెల్లని పొడిగా మారి ముదురు రంగు బట్టల మీద చారలు కడతాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీటి ఆధారం లేని చోట 600 దాకా అనుమతి ఉంది. చల్లటి నీటిలో సరిగా కరగని సబ్బుపొడి కూడా ఇలాంటి చారలే మిగులుస్తుంది. తేడా తెలుసుకోవడం తేలిక: మచ్చ మీద సెల్లోటేపు అంటించి లాగితే నూగు పోగులుగా ఊడివస్తుంది, సబ్బుపొడి మరక అయితే తడివేలితో రుద్దగానే చెదిరిపోతుంది. జాడించే నీటిలో అరకప్పు తెల్ల వెనిగర్ కలపాలనే ప్రసిద్ధ చిట్కా ఈ సుద్దను కరిగించడానికి పనికివస్తుందే గాని, ఊడిన పోగును ఏమీ చేయదు. బ్లీచింగ్ ద్రవంతో వెనిగర్‌ను మాత్రం ఎన్నడూ కలపకూడదు; విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఉతకడానికి ముందు తీసుకునే జాగ్రత్తలలో తువ్వాళ్ళనూ దుప్పట్లనూ ఒక విడతగా, ముదురు రంగులనూ పాలియెస్టర్ బట్టలనూ మరో విడతగా వేయడానికి సాటివచ్చేది లేదు. తెలుపూ రంగులూ వేరుచేసే పాత అలవాటుకు, నూగు రాల్చేవి, అందుకునేవి అన్న విభజన కూడా చేర్చుకుంటే సరిపోతుంది. కొత్త టర్కీ టవళ్ళను మొదటి రెండుమూడుసార్లు విడిగా ఉతకడం, నల్ల బట్టలను తిరగేసి వేయడం, టబ్బులో బట్టలు కదలడానికి చోటు వదలడం దీనికి తోడు కావాలి. జేబులో మరచిన ఒక్క కాగితపు న్యాప్‌కిన్ ఈ జాగ్రత్తలన్నింటినీ వమ్ము చేయగలదు గనుక జేబులు తడిమి చూడడం తప్పనిసరి. బట్టలు మెత్తబడడానికి వాడే ఫాబ్రిక్ కండిషనర్ పోగుల మీద సన్నని పూతగా ఏర్పడి రాపిడినీ, విద్యుదావేశాన్నీ తగ్గిస్తుంది. అయితే ఆ పూత తువ్వాళ్ళు నీటిని పీల్చుకునే గుణాన్ని కూడా తగ్గిస్తుంది. కొన్ని డిటర్జెంట్లలో కలిపే సెల్యులేజ్ అనే ఎంజైము, అంటే జీవకణాలు తయారుచేసే ప్రొటీను, నూలు బట్ట మీద నిక్కిన సన్నని కొసలను మాత్రమే కొరికివేసి గుడ్డను నునుపు చేస్తుంది. పాలియెస్టర్ మీద దాని ప్రభావమేమీ ఉండదు.

ఇంత చేసినా అంటిన నూగు తడిగా ఉన్నప్పుడు సులభంగా రాదు. తీగ మీద వేసే ముందు బట్టను గట్టిగా విదిలించి, పూర్తిగా ఆరాక జిగురు రోలరుతోనో, కొద్దిగా తడిపిన రబ్బరు గ్లౌజుతోనో ఒకే దిశలో తుడిస్తే చాలావరకు పోతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడ బట్టలను ఆరుబయట కాక, వేడిగాలి పంపే డ్రయ్యర్‌లో ఆరబెట్టడం వాడుక. ఆ గాలి నూగును ఎగరగొట్టి జాలీ మీద మందపాటి పొరగా పేర్చడంతో బట్టలు శుభ్రంగానే వస్తాయి గాని, ఎండిన దూది ఎంత తేలికగా అంటుకుంటుందో దీపం వత్తి చేసినవారికి చెప్పనక్కరలేదు. ఇళ్ళలో డ్రయ్యర్ల వల్ల జరిగే అగ్నిప్రమాదాలకు శుభ్రం చేయకపోవడమే ప్రధాన కారణమని ఆ దేశ అగ్నిమాపక విభాగం చెబుతుంది. ప్రతి విడతకూ జాలీ తుడవాలన్న నియమం అక్కడ ఇంటికి సంబంధించిన భద్రతా నియమం.

మురుగు గొట్టంలోకి పోయిన నూగు సంగతి మిగిలే ఉంది. పత్తి పోగు మట్టిలోనూ నీటిలోనూ కొంతకాలానికి చివికిపోతుంది, పాలియెస్టర్, యాక్రిలిక్ పోగులు ప్లాస్టిక్ గనుక చివకవు. 2016లో ఇంగ్లండులోని ప్లీమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అంచనా ప్రకారం ఆరు కిలోల యాక్రిలిక్ బట్టలను ఒకసారి ఉతికితే ఏడు లక్షలకు పైగా పోగులు నీటిలో కలవవచ్చు. 2019లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, నీరు ఎక్కువగా పట్టే ‘సున్నితమైన ఉతుకు’లోనే పాలియెస్టర్ పోగులు ఎక్కువగా ఊడతాయని గమనించారు. నూగును సాగనంపే నీరే కొత్త నూగును ఊడగొడుతుందన్న ఈ చిక్కు వల్ల, ఎక్కువ నీళ్ళు పోయడం ప్రతి విడతకూ తగిన మందు కాదు. అదనంగా జాడించడం నల్లని నూలు బట్టలకు పరిమితం చేసి, పాలియెస్టర్ బట్టలను తక్కువసార్లు, టబ్బుకు తగినన్ని చేరాకే ఉతకడం మధ్యేమార్గం. ఫ్రాన్సు 2020లో చేసిన చట్టం 2025 జనవరి నుంచి కొత్త వాషింగ్ మెషీన్లకు ఇలాంటి పోగులను పట్టే ఫిల్టర్ ఉండాలని నిర్దేశించింది.

మెషీన్ పట్టిన నూగును అలవాటుగా కుళాయి కింద పెట్టి కడిగేస్తే అది చేరేది ఆ మురుగులోకే. సంచిని ఒక పూట ఆరనిచ్చి, తిరగేసి, అట్టలా ఊడివచ్చే ఆ పొరను చేత్తో తీసి పొడిచెత్త బుట్టలో వేయడం కడగడం కంటే సులువు కూడా. ఆ తరువాత సంచి కన్నాలలో మిగిలిన కాస్త పీచుకు పాత టూత్‌బ్రష్ సరిపోతుంది.