తిన్న వెంటనే టాయిలెట్ అంటున్నారా? తిండి మాన్పించకండి!



"టిఫిన్ పెడితే చాలు, వెంటనే టాయిలెట్ అంటాడు మేడమ్. తిన్నది తిన్నట్టే పోతోంది." పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట తరచూ వింటుంటాం. బస్సులో ఇబ్బంది పడతారని కొందరు పిల్లల్ని ఖాళీ కడుపుతోనే పంపేస్తుంటారు. అలా చేసేముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం.

ఆహారం చేరి పొట్ట సాగగానే నరాలు, హార్మోన్ల ద్వారా పెద్దపేగుకి కబురు వెళ్తుంది. అది గట్టిగా కదిలి, పాత మలాన్ని ముందుకు తోస్తుంది. దీన్నే గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. పొద్దున్నపూట ఇది ఎక్కువ. అంటే బయటికి వచ్చేది ఇప్పుడు తిన్న ఇడ్లీ కాదు, నిన్నో మొన్నో తిన్నది. మలం మామూలుగా ఉండి, పిల్లలు బాగా ఎదుగుతుంటే కంగారు అక్కర్లేదు.

రోజుకి 3 లేదా అంతకన్నా ఎక్కువసార్లు నీళ్ళ విరేచనాలు అవుతూ, అది 4 వారాలు దాటితే మాత్రం దీర్ఘకాలిక సమస్యే. పేగులో ఉన్నది పల్చగా ఉంటే, తిన్నాక వచ్చే మామూలు కదలికకే పిల్లలు ఆపుకోలేరు. ఐబీఎస్ ఉన్నవారిలో ఆ కదలికే ఎక్కువగా ఉండొచ్చు. తిండి ఆ కదలికను మొదలుపెడుతుందంతే. అందుకే తిండి మాన్పిస్తే జబ్బు తగ్గదు, బరువు తగ్గుతుంది.

అసలు కారణాలు వేరే ఉంటాయి. ప్యాకెట్ జ్యూస్‌లు ఎక్కువ తాగడం, పాలు పడకపోవడం, పేగుల్లో ఇన్ఫెక్షన్ లాంటివి. ఇంకొకటి కూడా గమనించండి. రోజూ ఆపుకునే పిల్లల్లో మలం గట్టిపడి, దాని పక్కనుంచి పల్చటిది కారి బట్టలకు అంటుతుంది. చూడటానికి విరేచనాల్లా ఉన్నా అది మలబద్ధకం! విరేచనాలు ఆగే మాత్ర వేస్తే ఇంకా ముదురుతుంది. డాక్టర్‌ని అడగకుండా వేయకండి.

ఇంట్లో ఇలా చేయండి:

• పిల్లల్ని అరగంట ముందు లేపండి. టిఫిన్ తిన్నాక 5 నుంచి 10 నిమిషాలు టాయిలెట్‌లో తీరిగ్గా కూర్చోనివ్వండి.
• ఏం తిన్నారు, ఎన్నిసార్లు వెళ్ళారు అనేది రెండు వారాలు రాసిపెట్టండి. డాక్టర్‌కి బాగా పనికొస్తుంది.
• విరేచనాలు అవుతుంటే ఓఆర్ఎస్ తాగించండి, తిండి ఆపకండి.

మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేచి మరీ వెళ్ళడం వంటివి కనిపిస్తే 4 వారాలు ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. కళ్ళు లోతుకుపోయి, మూత్రం తగ్గి, నీరసించిపోతే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

చివరిగా ఒక మాట. లంచ్ తర్వాత టాయిలెట్‌కి వెళ్తానని క్లాసులో అడగడానికి చాలామంది పిల్లలు సిగ్గుపడతారు. మీ పిల్లలకు ఈ అవసరం ఉంటే డైరీలో ఒక్క లైను రాయండి. చెయ్యి ఎత్తగానే పంపే బాధ్యత మాది.