కొవ్వు ఆమ్లము అను మాట

చింతపండులో టార్టారిక్ ఆమ్లము కలదు. ఇప్పనూనెలో ఓలియిక్, స్టియరిక్, పామిటిక్ అను కొవ్వు ఆమ్లములు కలవు. ఈ రెండు వాక్యములును పుస్తకములలో ఒకే తీరున కనబడును. వ్యాకరణమున వీనికి భేదము లేదు గాని, రసాయన శాస్త్రమున చాల భేదము కలదు. చింతపండులో ఆ ఆమ్లము చాల వరకు ఆమ్లముగానే ఉన్నది. మంచి ఇప్పనూనెలోనో, కొవ్వు ఆమ్లములు ఆమ్లములుగా ఉండుట బహుస్వల్పము. ఈ సంగతి చెప్పక ముందుకు పోయినచో, "నూనెలో ఆమ్లమున్నప్పుడు అది పుల్లగా ఉండదేమి?" అని విద్యార్థి అడుగును. అడుగకున్న అడుగవలసినదే.

ముందుగా మూడు మాటలను వేరుపరచుకొందము. కర్బన సమ్మేళనములలో ఆమ్లగుణము గలవన్నియు సేంద్రియ ఆమ్లములు. వీనిలో కార్బాక్సిల్ సమూహము గలవి కార్బాక్సిలిక్ ఆమ్లములు. ఒక కర్బన పరమాణువు, దానిని అంటుకొని రెండు ఆక్సిజన్ పరమాణువులు, వానిలో ఒకదానిపై ఒక హైడ్రోజన్ పరమాణువు - ఇదియే ఆ సమూహము. ఈ హైడ్రోజనే నీటిలో అయానుగా విడివడి పులుపు నిచ్చును. కార్బాక్సిలిక్ ఆమ్లములలో పొడుగైన కర్బన శృంఖలము గలిగి, నూనెల నుండియు కొవ్వుల నుండియు లభించునవి కొవ్వు ఆమ్లములు. కనుక ఒకటి మరొకదానిలో ఇమిడి ఉన్నదేగాని మూడును పర్యాయపదములు కావు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము కార్బాక్సిలిక్ ఆమ్లమే గాని కొవ్వు ఆమ్లము కాదు. ఉసిరికాయలోని ఆస్కార్బిక్ ఆమ్లమునకు, అనగా సి విటమినుకు, కార్బాక్సిల్ సమూహమే లేదు. అయినను అది సేంద్రియ ఆమ్లమే.

"కొవ్వు" అను మాట కూడ కొందరికి ఇబ్బంది కలిగించును. గింజ నుండి వచ్చిన నూనెను మనము కొవ్వు అనము. రసాయన శాస్త్రమునకు మాత్రము ఈ భేదము కేవలము ఉష్ణోగ్రతకు సంబంధించినది: ద్రవముగా నున్న నూనె, గడ్డకట్టిన కొవ్వు. ఆదిలాబాదు చలికాలమున తెల్లవారుజామున ఇప్పనూనె సీసాలో పేరుకొనిపోవును, ఎండ ముదిరిన పిమ్మట కరగును. ఉదయము కొవ్వు, మధ్యాహ్నము నూనె!

ఇక అసలు విషయము. నూనె అణువులో గ్లిసరాల్ అను చిన్న అణువునకు మూడు కొవ్వు ఆమ్లములు బంధింపబడి ఉండును. మూడు పశువులను ఒకే గుంజకు కట్టినట్లు ఊహించుకొనవచ్చును. అయితే ముడిపడిన చోటు ఏది? కార్బాక్సిల్ సమూహమే. బంధము ఏర్పడునప్పుడు దాని హైడ్రోజన్ నీటిలో భాగమై వెడలిపోవును. ఆమ్లగుణమునకు ఆధారమైన హైడ్రోజనే పోయిన పిదప ఆమ్లమెక్కడిది? ఇప్పనూనెలో ఓలియిక్ ఆమ్లము సుమారు 40 శాతమని చదివినచో, ఆ నూనెను విడగొట్టగా వచ్చు ఆమ్లములలో దాని వాటా అంత అని గ్రహింపవలెను. మరియొక కారణము కూడ కలదు. ఓలియిక్ ఆమ్లము విడిగా ఉన్నను, 18 కర్బన పరమాణువుల శృంఖలము వలన నీటిలో కరుగదు. కరుగనిదానికి నాలుకపై పులుపు లేదు.

ఈ ఆమ్లములను మొదట చక్కగా వేరుచేసి పరీక్షించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రల్. ఆయన గ్రంథము 1823లో వెలువడినది. ఆయన చేసిన పని పాఠశాలలోనే చేయవచ్చును. నూనెతో చేసిన సబ్బును తురిమి గోరువెచ్చని నీటిలో కరగించి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లము చుక్కలు చుక్కలుగా వేయుడు. తెల్లని పెరుగు వంటి పదార్థము పైకి తేలును. సబ్బులో సోడియముతో కూడి ఉన్న కొవ్వు ఆమ్లములు విడుదల పొంది వచ్చినవే ఇవి. పేరు వినుట కంటె కంటితో చూచుట మేలు.

మరి నూనెలో విడి ఆమ్లము ఎన్నడును ఉండదా? ఉండును, అప్పుడే నష్టము. ఉట్నూరు, ఆసిఫాబాదు అడవులలో గోండులు, కోలాములు ఇప్పపూవును వేసవిలో ఏరుదురు. గింజ చేతికి వచ్చువేళకు తొలకరి వానలు తోడగును. తడిసిన గింజను సరిగా ఎండబెట్టక గోనెలో నింపినచో, గింజలోనే యున్న లైపేజ్ అను ఎంజైము తేమ సాయముతో నూనె బంధములను తెంచివేయును. గుంజ నుండి తాడు తెగినట్లు ఆమ్లములు విడివడును. ఇవియే స్వేచ్ఛా కొవ్వు ఆమ్లములు. ఇట్టి నూనెను శుద్ధిచేయుటకు క్షారము ఎక్కువ పట్టును, ఆ ఆమ్లమంతయు సబ్బుగా మారి వేరైపోవును, దానితో కొంత మంచి నూనెయు పోవును. కావున అది వంటకు పనికిరాక సబ్బుల తయారీకి పోవును, ధర తగ్గును. 2013-14లో కేంద్రప్రభుత్వము చిన్న అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకమును ఆరంభించినప్పుడు తొలి పట్టికలో చింతపండు, ఇప్పగింజలు రెండును చేరినవి. కాని మద్దతు ధర గింజకే, తడిసిన గింజలో తెగిన బంధమును అది అతుకదు. నాలుగు దినములు ఎండలో పరచుట అతుకకున్నను తెగకుండ కాచును.

విడి ఆమ్లమును కొలుచుట కష్టము కాదు. 10 గ్రాముల నూనెను తటస్థీకరించిన వేడి ఆల్కహాలులో కలిపి, ఫినాఫ్తలీన్ వేసి, 0.1 నార్మాలిటీ గల సోడియం హైడ్రాక్సైడు ద్రావణముతో గులాబి రంగు వచ్చు వరకు అంశమాపనము చేయుదురు. (ఆల్కహాలు మండును గనుక దీపముపై గాక వేడినీటి తొట్టిలో పెట్టి కాచవలెను.) 10 మిల్లీలీటర్లు పట్టినదనుకొందము. ఓలియిక్ ఆమ్లము అణుభారము 282 కనుక, విడి ఆమ్లము 2.82 శాతము. అదే ఫలితమును కొందరు "ఆమ్ల విలువ"గా, ఒక గ్రాము నూనెకు పట్టు పొటాషియం హైడ్రాక్సైడు మిల్లీగ్రాములలో వ్రాయుదురు, అప్పుడది 5.61 అగును. నూనె ఒకటే, అంకె రెండింతలు. పరీక్షాపత్రము చేతికి వచ్చినప్పుడు అంకె కంటె ముందు దాని ప్రక్కనున్న మాట చదువవలెను.