వెడల్పు చక్రములు, మార్చిన ఇరుసు

అమెరికాలో ఫోర్డు సంస్థ 1953 మొదలు 1956 వరకు నిర్మించిన ఎఫ్-100 పికప్పు, గుండ్రని ముఖముతో, తొట్టికి వెలుపల ఉబ్బెత్తుగా నిలిచిన వెనుక మడ్‌గార్డులతో, సరకు మోయుటకై పుట్టినదయ్యు సౌందర్యమున ఏ విహారశకటమునకును తీసిపోనిది; కావుననే ఏడు దశాబ్దములు గడచినను దానిని యథాపూర్వముగా పునరుద్ధరించువారును, అంతటితో తృప్తి చెందక దానికి నూతన బలమును సమకూర్చువారును అచ్చట అసంఖ్యాకులుగా నున్నారు. ఈ రెండవ తెగవారు పాత ఇంజనును తీసి, అంతకంటె శక్తిమంతమైన వి-8 ఇంజనును నిలుపుదురు. పిమ్మట వారి దృష్టి వెనుక చక్రములపై పడును.

అందుకు కారణము లేకపోలేదు. సరకు లేని పికప్పునకు వెనుక భాగము మిక్కిలి తేలిక; ఇంజను బరువంతయు ముందు నుండగా, బండిని నెట్టవలసిన పని మాత్రము వెనుక చక్రములది. సన్నని టైరుపై అధికశక్తి ఒక్కుమ్మడిగా పడినచో అది బండిని నెట్టుటకు మారుగా ఉన్నచోటనే గిరగిర తిరుగును. రబ్బరునకు నేలపై ఒత్తిడి పెరిగినంతగా పట్టు పెరుగదు. కావున అదే భారమును విశాలతలముపై పఱచుట లాభకరము. తడిరోడ్డుమీద మాత్రము వెడల్పు టైరు, అందును బరువు లేని బండి క్రింద, నీటిని చీల్చలేక దానిపై తేలిపోవుటకు అవకాశ మెక్కువ. అలంకారార్థము వెడల్పు చక్రములు కొనువారు ఈ సంగతిని తఱచుగా విస్మరించుట విచారకరము.

పాత ఇరుసునకు బదులుగా పెక్కుమంది ఎన్నుకొనునది ఫోర్డువారి 9 అంగుళముల ఇరుసు. 1957 నమూనాలతో వెలువడి 1986 వరకు ఉత్పత్తిలో నిలిచిన దీనికి లోపలి క్రౌన్ వీలు వ్యాసమునుబట్టి ఆ పేరు వచ్చినది. పినియనునకు ముందు బేరింగులతోపాటు పండ్ల ఆవలి కొనయందును ఒక బేరింగు ఆధారముగా నుండుటచేత, ఎంతటి శక్తి ప్రసరించినను అది సులభముగా ప్రక్కకు ఒరుగదు. క్రౌను, పినియను రెండును ఒకే దిమ్మెలో ఇమిడి ముందువైపునుండి వెలికి వచ్చును గనుక, గేరు నిష్పత్తిని మార్చదలచినవాడు ఆ దిమ్మెను బల్లపై నుంచుకొని సావకాశముగా సరిచేసికొనవచ్చును. 28 అంగుళముల వ్యాసము గల టైరుతో, గేరుబాక్సు నేరుగా త్రిప్పుచుండగా, గంటకు 100 కిలోమీటర్ల వేగమున 4.10 నిష్పత్తి ఇంజనును నిమిషమునకు సుమారు 3,060 మారులు త్రిప్పించును, 3.50 నిష్పత్తికి 2,610 చాలును.

కాని అసలు చిక్కు వెడల్పులో నున్నది. ఈ ఇరుసు ఒక్కొక్క కారులో, ఒక్కొక్క పికప్పులో ఒక్కొక్క వెడల్పుతో వచ్చినందున, దొరికినదానిని తెచ్చి, నచ్చిన చక్రమును కొని, అవి ఇమడకపోగా మడ్‌గార్డులు కోయుటకు పూనుకొనుట పలువురు చేయుచున్న పొరపాటు. లెక్క వెలుపలినుండి లోపలికి సాగవలెను. మడ్‌గార్డుల లోపల టైరు ఉబ్బునకును, గతుకులలో ఊగుటకును చోటు విడిచిన పిమ్మట, రెండు రిమ్ముల వెలుపలి అంచుల నడుమ 70 అంగుళములు లభించిన వనుకొందము. 10 అంగుళముల రిమ్ము అనగా టైరు కూర్చుండు గట్ల నడుమ దూరమే. అంచులతో కలిపి అది ఇంచుమించు 11 అంగుళములగును. హబ్బుకు ఆనుకొను ముఖమునుండి లోపలి అంచు 5 అంగుళముల దూరమున నున్నచో, వెలుపలికి 6 మిగులును. రెండు ప్రక్కలకు 12 తీసివేయగా ఇరుసు వెడల్పు 58 అంగుళములు. లోపలి దూరము 6 అయినచో ఇరుసు 60 అంగుళములు కావలెను. ఈ రెండు లెక్కలలోను టైరు వచ్చి నిలుచుచోటు ఒక్కటే. అయినను మొదటిదానిలో చక్రమధ్యము బేరింగునుండి ఒక అంగుళము ఎడముగా జరిగి, దానిపై పడు వంపుభారమును పెంచును. కావున నా మతమున రెండవదే మేలు. లోపలి ప్రక్క తొట్టికి, కమానుపట్టీలకు టైరు తగులకుండునా యనునది ముందే కొలిచి చూడవలెను.

బోల్టుల అమరికయు గమనింపదగినదే. ఎఫ్-100 చక్రమునకు 5 బోల్టులు 5.5 అంగుళముల వలయముపై నుండగా, పెక్కు ఫోర్డు కార్ల ఇరుసులపై ఆ వలయము 4.5 అంగుళములే; అట్టి ఇరుసును యథాతథముగా బిగించినచో ముందు చక్రము వెనుకకు సరిపోదు, దారిలో స్టెప్నీ ఒకవైపునకే ఉపయోగపడును.

కమానుపట్టీలు ఆనుకొను దిమ్మెలను ఇరుసుపై వెల్డింగు చేయుటకు ముందు, బండి తన బరువుతో నేలపై నిలిచియుండగా పినియను కోణమును చూడవలెను. వంగి తిరుగు యూనివర్సల్ జాయింటు వేగమును ఒడుదుడుకులుగా అందించును. రెండవ కొననున్న జాయింటు అంతే కోణమున నుండినప్పుడే ఆ ఒడుదుడుకులు తీరును. బండి ముందుకు దుముకునపుడు కమానుపట్టీలు మెలిపడి పినియను ముక్కు పైకి లేచును గనుక, దానిని ఒకటి రెండు డిగ్రీలు క్రిందికి ఉంచుదురు. వేడికి గొట్టము వంకరపోకుండ వెల్డింగును కొద్దికొద్దిగా, అటునిటు మార్చి వేయవలెను. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, బ్రేకు గొట్టములు, హ్యాండ్ బ్రేకు తీగ కూడ క్రొత్త ఇరుసునకు అనుగుణముగా సరిపడవలెను.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నిర్మాత నిర్దేశించిన మూలస్వరూపమునకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019లో సుప్రీంకోర్టును ఆ నిషేధమునే స్థిరపఱచినది. ఇచ్చట పాత పికప్పు గల పాఠకులు ఇరుసుపై చేయి వేయుటకు ముందు రవాణా కార్యాలయమున విచారింతురు గాక.